కాసినోలో ముక్కలు పంచే డీలర్ పొరపాటున మనకు ఎక్కువిస్తే చెప్పాలా? మన తరఫున పక్కవాళ్లు చెప్పొచ్చా?

చివరి_సీటు:
మొన్న బ్లాక్‌జాక్ టేబుల్ దగ్గర జరిగింది, ఇంకా మనసులోంచి పోవట్లేదు. డీలర్ పైముక్క (అందరికీ కనిపించేది) పది. నా చేతిలో ఆసు (ఒకటిగానైనా పదకొండుగానైనా లెక్కేయొచ్చు), రెండు. అడిగితే ఆసు వచ్చింది, తర్వాత మూడు, ఎనిమిది, చివరికి ఏడు. డీలర్ అమ్మాయి గబగబా కూడేసి "ఇరవై ఒకటి" అంది. కూడి చూడండి, ఇరవై రెండు. ఇరవై ఒకటి దాటితే బస్ట్, అంటే ఆ చెయ్యి ఓడినట్టే. నేను నోరెత్తలేదు. ఆమె కింది ముక్క ఆరు, మీద నాలుగు పడి ఇరవై అయింది. నాకు చెల్లించింది. పక్కాయనకి పంతొమ్మిది, ఆయన చిప్స్ (పందెం బిళ్లలు) లాగేసుకుంది. అంతే, ఆయన నా ముక్కల మీదికి వేలు చూపించి "అది ఇరవై రెండు, సరిగ్గా చూడు" అన్నాడు. ఫ్లోర్ సూపర్‌వైజర్ వచ్చి లెక్కపెట్టాడు. నాకిచ్చిందీ, నేను కాసిందీ రెండూ పోయాయి.

అడిగేది ఏంటంటే, ఇలాంటప్పుడు మనంతట మనం చెప్పాలా? నా చేతి సంగతి పక్కవాడికెందుకు? ఇలాంటి తప్పుకి డీలర్‌కి ఏమవుతుంది?

పైకప్పు_కెమెరా:
చెప్పాలి. మనది కాని డబ్బు మనది కాదు. డీలర్ మనకు తక్కువిస్తే ఊరుకుంటామా? ఊరుకోం కదా. ఇంకో మాట లేదు.

నాలుగో_కుర్చీ:
ఒక్క నిమిషం. ఆసు, రెండు, ఆసు, మూడు అంటే పదిహేడు. పదిహేడు చేతిలో పెట్టుకుని మళ్లీ ముక్క అడిగారా మీరు? అదీ చివరి సీట్లో కూర్చుని? మీరు ఆగుంటే ఆ ఎనిమిది డీలర్‌కి పడేది. పదహారు మీద ఎనిమిది, ఇరవై నాలుగు, బస్ట్. టేబుల్ మొత్తం గెలిచేది. పంతొమ్మిది పట్టుకుని ఓడిపోయినాయనకి కడుపు మండదా? ఆయన స్థానంలో నేనున్నా చెప్పేవాణ్ణే.

లెక్కల_మాస్టారు:
నాలుగో_కుర్చీ గారూ, అది సాఫ్ట్ పదిహేడు. ఆసుని ఒకటిగా కూడా లెక్కేయొచ్చు కాబట్టి తర్వాత ఏ ముక్క వచ్చినా బస్ట్ కాదు. పదిహేడు మీద ఆగితే డీలర్ బస్ట్ అయితే తప్ప గెలవలేం. పైముక్క పది ఉన్నప్పుడు దాన్ని నమ్ముకోవడం తెలివైన ఆట కాదు. బేసిక్ స్ట్రాటజీ (లెక్కలు వేసి తేల్చిన ఆట పద్ధతి) ప్రకారం సాఫ్ట్ పదిహేడు మీద ఎప్పుడూ ఆగకూడదు. ఎనిమిది పడ్డాక అది హార్డ్ పదిహేను, అంటే ఇక ఆసుని ఒకటిగానే లెక్కేయాలి. పదికి ఎదురుగా దాని మీదా అడగాల్సిందే. ఆయన ప్రతి అడుగూ సరిగ్గానే ఆడాడు.

నాలుగో_కుర్చీ:
పుస్తకాల లెక్కలు వేరు, టేబుల్ వేరు. చివర కూర్చున్నవాడు తిక్కతిక్కగా ఆడితే డీలర్‌కి పడాల్సిన బస్ట్ ముక్క వాడే తినేస్తాడు. ఏళ్లుగా కళ్లతో చూస్తున్నా.

లెక్కల_మాస్టారు:
చూసిందంతా నిజమే, గుర్తుపెట్టుకున్నది మాత్రం సగమే. చివరి సీటువాడు ముక్క తీసుకోవడం వల్ల డీలర్ బస్ట్ అయిన చేతులు కూడా సగటున అన్నే ఉంటాయి. అప్పుడు అతనికి ఎవరూ థాంక్స్ చెప్పరు. షూలో (ముక్కలు తీసే పెట్టెలో) తర్వాతి ముక్క మంచిదో చెడ్డదో ఎవరికీ తెలియనప్పుడు, ఒకటి తీసేసినా డీలర్‌కి వచ్చేదాని అవకాశం మారదు.

నాలుగో_కుర్చీ:
సరే మాస్టారూ, మీరు కాగితం మీద ఆడుకోండి. మా డబ్బుతో ప్రయోగాలొద్దు.

లెక్కల_మాస్టారు:
మీ డబ్బుతో ఎవరూ ఆడట్లేదు. మీ పందెం మీది, ఆయన పందెం ఆయనది. ఇంత చిన్న సంగతి తెలియకుండా పక్కవాళ్ల మీద విరుచుకుపడేవాళ్ల వల్లే కొత్తవాళ్లు టేబుల్ దగ్గరికి రావడానికి భయపడుతున్నారు.

నాలుగో_కుర్చీ:
నాకు పాఠాలు చెప్పే వయసా మీది?

మోడరేటర్:
ఇద్దరూ కాస్త తగ్గండి. చివరి సీటు మీద గొడవ ఇంకో చర్చలో పెట్టుకోండి.

పాత_డీలర్:
బ్లాక్‌జాక్, రూలెట్, బకరా మూడూ పంచినవాణ్ణి, కాబట్టి నా మాట కాస్త వినండి. ఆరు ముక్కల చేతిలో రెండు ఆసులుంటే తప్పు జరిగేది అక్కడే. ఆసుని పదకొండుగా పట్టుకుని మొదలుపెడతాం, ఎనిమిది పడగానే దాన్ని ఒకటికి దించాలి, అక్కడే లెక్క జారుతుంది. రెండు చేతులూ ఇరవై దగ్గర సమానమైతే అది పుష్ (ఎవరూ గెలవనట్టు), దానికి కూడా చెల్లించేయడం చాలా మామూలు తప్పు. డీలర్ సాఫ్ట్ పదిహేడు మీద తీసుకోవాలో ఆగాలో ఒక్కో టేబుల్‌కి ఒక్కో రూల్. టేబుల్ మారగానే చెయ్యి పాత అలవాటుకే పోతుంది.

ఇంకోటి తెలుసుకోండి. మేం ముక్కలు ఎలా పడితే అలా ఊడ్చెయ్యం. వరసలో తీసి డిస్కార్డ్ ట్రేలో (వాడేసిన ముక్కల పళ్లెంలో) పెడతాం, గొడవొస్తే అదే వరసలో వెనక్కి పరిచి ఎవరి చెయ్యి ఎంతో చూపించడానికి. పైన కెమెరా ఉండనే ఉంది. అందుకే చెప్పేదేదో తర్వాతి ముక్క పంచకముందే చెప్పండి. ఆ తర్వాత చెప్తే ఆట ఆగుతుంది, టేబుల్ అంతా మీ మొహం చూస్తుంది. పక్కాయన వేలు పెట్టి చూపించాడన్నారే, అది మాత్రం పద్ధతి కాదు. మాటతో చెప్పాలి. టేబుల్ మీద ముక్కల దగ్గరికి ఎవరి చెయ్యీ పోకూడదు.

తొమ్మిది_పాయింట్లు:
బకరాలో ఈ బాధ తక్కువ, ప్లేయర్, బ్యాంకర్ అనే రెండు చేతుల్లో ఏది గెలుస్తుందో కాయడం తప్ప ఆటగాడు నిర్ణయించేది ఏమీ ఉండదు కాబట్టి. ప్లేయర్‌కి ఆరు ఉంటే ఆగాలి. ఒకసారి డీలర్ మర్చిపోయి ప్లేయర్ వైపు మూడో ముక్క తీసేశాడు. బ్యాంకర్‌కి ఐదుంది. ప్లేయర్ ఆగితే ఐదు మీద బ్యాంకర్ తీసుకోవాలి, కాబట్టి ఆ ముక్కను బ్యాంకర్‌కి మార్చారు. ప్లేయర్ మీద కాసినవాళ్లు ఒకటే అరుపులు. రూల్ రాసే ఉంటుంది, అరవడం దేనికి?

రూలెట్_ప్రాణం:
నన్నడిగితే కాసినో మనకు ఎక్కువిచ్చే తప్పుల గురించి ఇంత బాధ అక్కర్లేదు. తక్కువిచ్చేవాటి గురించి ఎవరూ మాట్లాడరేం? నాకు నంబర్ తగిలింది. నంబర్ మీద ఒక చిప్పు, దాన్ని తాకుతూ స్ప్లిట్లు (రెండు నంబర్ల మీద కలిపి కాసేవి) రెండు, కార్నర్లు (నాలుగు నంబర్ల మీద కాసేవి) రెండు. ముప్పై ఐదు, రెండు పదిహేడులు, రెండు ఎనిమిదులు. మొత్తం ఎనభై ఐదు చిప్పులు రావాలి. తోసింది డెబ్బై ఏడు. ఒక కార్నర్ వదిలేశాడు. అడిగితే "సరిగ్గానే ఇచ్చాను" అన్నాడు. నేను కదల్లేదు, ఫ్లోర్‌ని పిలవమన్నా, కెమెరా చూశారు, మిగతా ఎనిమిదీ వచ్చాయి. నా వెనక నిలబడ్డవాళ్లలో ఎంతమందికి ఇలా తక్కువొచ్చి తెలియకుండానే వెళ్లిపోయారో! కూడటం రానివాళ్లు నోరు మూసుకుని చిప్పులు జేబులో వేసుకుంటారు. దాని మీద చర్చ పెట్టండి ముందు.

పైకప్పు_కెమెరా:
ఇదే నేనూ అంటున్నది. తక్కువిస్తే ఫ్లోర్‌ని పిలిచే హక్కు మనకుంది కదా, ఎక్కువిచ్చినప్పుడు మాత్రం ఎందుకు మౌనం?

రూలెట్_ప్రాణం:
ఎందుకంటే ఒంటి సున్నా చక్రం మీద కూడా ప్రతి పందెంలో 2.70 శాతం వాళ్లకే వెళ్తుంది కాబట్టి. రెండు సున్నాలుంటే 5.26. ఆట మొత్తం వాళ్ల వైపే కట్టి ఉంది. వాళ్ల మనిషి తప్పుచేస్తే కాపలా కాయడం నా పని కాదు.

సెక్షన్_చూడండి:
పని కాదనుకుంటే కాదు. కానీ అమెరికాలోని నెవాడా రాష్ట్ర చట్టం చూడండి, ఎన్‌ఆర్‌ఎస్ (అక్కడి చట్టాల సంకలనం) 465.070. గెలిచినదాని కంటే ఎక్కువ మొత్తం అడగడం, తీసుకోవడం కూడా మోసపు పనుల జాబితాలో ఉంది. ఊరికే కూర్చుని తీసుకున్నా తీసుకున్నట్టే.

లెక్కల_మాస్టారు:
మోసం చేయాలన్న ఉద్దేశంతో అన్న మాట కూడా ఆ సెక్షన్‌లో ఉంది. అది వదిలేసి చదివితే ఎలా? డీలర్ తనంతట తాను తప్పుగా కూడి చిప్పులు తోస్తే ఉద్దేశం ఎవరిది? సీట్లో మామూలుగా కూర్చున్నవాడికి డీలర్ అజాగ్రత్తవల్ల కింది ముక్క కనిపిస్తే, దాన్ని వాడుకోవడం మోసం కాదని అదే నెవాడాలో కోర్టు చెప్పింది.

సెక్షన్_చూడండి:
ముక్క కనిపించడం వేరు, గెలవని డబ్బు తీసుకోవడం వేరు. రెండూ కలపకండి. అమెరికాలోనే అట్లాంటిక్ సిటీలోని గోల్డెన్ నగ్గెట్ కాసినోలో 2012లో ఏమైందో గుర్తుందా? కలిపి వచ్చాయనుకున్న పేకలు కలపకుండానే వచ్చాయి. మినీ బకరా టేబుల్ మీద ముక్కలు ఒకే వరసలో మళ్లీ మళ్లీ పడ్డాయి. ఆటగాళ్లు పసిగట్టి పందేలు పెంచుకుంటూ పోయారు, 15 లక్షల డాలర్ల దాకా గెలిచారు. వాళ్ల వైపు ఒక్క తప్పూ లేదు, ముక్క ముట్టలేదు. అయినా పేకలు నిబంధన ప్రకారం కలపలేదు కాబట్టి ఆటే చెల్లదని 2015లో న్యాయమూర్తి డబ్బు వెనక్కి ఇమ్మన్నారు.

తొమ్మిది_పాయింట్లు:
పోకర్ ఆటగాడు ఫిల్ ఐవీ కేసు కూడా అంతేగా. లండన్ క్రాక్‌ఫర్డ్స్ కాసినోలో బకరా ఆడి 77 లక్షల పౌండ్లు గెలిచాడు, కాసినో ఇవ్వలేదు, 2017లో బ్రిటన్ సుప్రీంకోర్టులో ఓడిపోయాడు.

లెక్కల_మాస్టారు:
అంతే కాదు. ఐవీ విషయంలో ముక్కల వెనక డిజైన్ అంచుల తేడా చూసి, అదృష్టం కోసమన్నట్టు డీలర్ చేత ముక్కలు తిప్పించారు. డీలర్‌కే తెలియకుండా డీలర్‌ని పనిముట్టు చేసుకున్నారు. చివరి_సీటు గారు ఏమీ చేయించలేదు, ఏమీ అడగలేదు. ఈ తేడా చూడకుండా అందర్నీ ఒకే గాటన కట్టకండి.

చివరి_సీటు:
నేను అడిగిన మూడోదాని గురించి ఎవరూ మాట్లాడట్లేదు. ఆ అమ్మాయికి ఏమవుతుంది? సూపర్‌వైజర్ చీటీ మీద ఏదో రాసుకున్నాడు. ఆమె మొహం ఎర్రబడింది, తర్వాతి షూ అంతా ప్రతి చేతినీ పెదాలు కదుపుతూ రెండుసార్లు కూడుకుంటూ కూర్చుంది. అది చూశాక నాకు పోయిన చిప్స్ మీద కంటే దాని మీదే మనసు పోతోంది.

పాత_డీలర్:
నేను చేసిన చోట్ల జేబులోంచి కట్టించలేదు. ఫ్లోర్‌వాళ్లు రాసుకుంటారు, అంతే. ఒక తప్పు ఎవరికైనా వస్తుంది. అవే తప్పులు మళ్లీ మళ్లీ వస్తే పిలిచి మాట్లాడతారు, చిన్న పందేల టేబుల్‌కి పంపుతారు, ఇంకా మారకపోతే ఉద్యోగం మీదికి వస్తుంది. అసలు టెన్షన్ ఎప్పుడంటే, తప్పు టేబుల్ దగ్గర దొరక్కుండా తర్వాత కెమెరాలో దొరికినప్పుడు. అప్పుడు డీలర్, ఆటగాడు కలిసిపోయారా అన్న అనుమానం కూడా వస్తుంది. టేబుల్ మీదే సరిచేస్తే ఆ మాటే రాదు. నా టేబుల్ మీద "ఇంకోసారి కూడండి" అని మెల్లిగా అన్న ఆటగాళ్ల మొహాలు నాకు ఇప్పటికీ గుర్తే.

నాలుగో_కుర్చీ:
అంటే పక్కాయన చెప్పడమే మంచిదైందిగా!

పాత_డీలర్:
చెప్పడం మంచిదే. తను ఓడిపోయాక, కోపంతో చెప్పడం వేరే సంగతి. ఆమె ఇరవై ఒకటి అన్నప్పుడే ఆయనకీ కనిపించి ఉంటుంది.

కొత్తగా_ఆడుతున్నా:
ఇక్కడే అడుగుతున్నా, కోప్పడకండి. నాకు బ్లాక్‌జాక్ (మొదటి రెండు ముక్కల్లోనే ఇరవై ఒకటి) పడితే 100 చిప్పుకి 120 ఇచ్చారు. 150 రావాలి కదా? ఇది తప్పేనా? వెళ్లి అడగనా?

లెక్కల_మాస్టారు:
టేబుల్ బట్ట మీద ఏం రాసుందో చూశారా? ఐదుకి ఆరు (6:5) అని ఉంటే 120 సరైనదే. రెండుకి మూడు (3:2) అని ఉంటే 150. ఐదుకి ఆరు టేబుల్ అయితే డీలర్ తప్పు లేదు, టేబులే మీకు నష్టం. ఆ ఒక్క మార్పుకే కాసినో వాటా దాదాపు 1.4 శాతం పెరుగుతుంది. మంచి రూల్స్ ఉన్న టేబుల్ మీద బేసిక్ స్ట్రాటజీతో ఆడితే మొత్తం వాటానే అర శాతం చుట్టుపక్కల ఉంటుంది. లేచి వచ్చేయండి.

నాలుగో_కుర్చీ:
ఈ ఒక్క విషయంలో మాస్టారు చెప్పింది కరెక్ట్. ఐదుకి ఆరు దగ్గర కూర్చోకండి.