ఇమాటినిబ్ వాడుతున్న మా బాపుకు రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తున్నాయి, కాల్షియం మాత్రలు వేసినా తగ్గడం లేదు

ప్రశ్న: హన్మకొండ నుంచి, పేషెంటు కూతురు

అందరికీ నమస్కారం. మా బాపుకు 58 ఏళ్లు, ఎనుమాముల మార్కెట్‌లో దడ్వాయిగా, అంటే సరుకు తూకం వేసేవారిగా పనిచేస్తారు. మూడేళ్ల కిందట సీఎంఎల్ రకం రక్త క్యాన్సర్ అని తేలినప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం భోజనంతో ఇమాటినిబ్ 400 మి.గ్రా. మాత్ర వేసుకుంటున్నారు. జబ్బు ఒంట్లో ఎంత మిగిలిందో చూపే బీసీఆర్-ఏబీఎల్ పరీక్ష ఫలితం ఏడాదిన్నరగా 0.1 శాతానికి లోపే ఉంటోంది కాబట్టి జబ్బు గురించి మాకిప్పుడు పెద్దగా దిగులు లేదు. మా దిగులంతా రాత్రుల గురించే. రెండింటికో మూడింటికో ఆయన పిక్క రాయిలా గట్టిపడి, కాలి బొటనవేలు కిందికి వంగిపోతుంది. అమ్మ లేచి రెండు చేతులతో పాదాన్ని వెనక్కి వంచి పట్టుకుంటే తప్ప సడలదు. ఈ మధ్య కాంటా దగ్గర చీటీ రాస్తుండగా చేతివేళ్లు కూడా కొంకర్లు పోయాయట.

మెడికల్ షాపులో అడిగితే కాల్షియం మాత్రలు ఇచ్చారు. రెండు నెలలు వాడినా ఫలితం లేదు. మా ఊరి ఆర్ఎంపీ ఇదంతా క్యాన్సర్ మందు వేడి అని, ఒక వారం ఆపి చూడమని అంటున్నారు. ఆపవచ్చా? హైదరాబాద్‌లో డాక్టరును కలవడానికి ఇంకా నెలన్నర గడువుంది.

జవాబు: ఖాజీపేట నుంచి, రిటైర్డ్ ఫార్మసిస్టు

అమ్మా, ముందుగా చివరి ప్రశ్నకు చెబుతాను. మందు ఆపవద్దు. నేనూ తొమ్మిదేళ్లుగా ఇదే మాత్ర వేసుకుంటున్నాను, పిక్కలు పట్టేయడమంటే ఏమిటో నాకు తెలుసు, అయినా చెబుతున్నాను. నెలలో మూడు రోజులు మాత్ర తప్పినా జబ్బు మీద పట్టు సడలే అవకాశం ఉంది. మోతాదు తగ్గించాలన్నా, కొన్ని రోజులు ఆపాలన్నా అది మీ హెమటాలజిస్టు (రక్త జబ్బుల డాక్టరు) రక్తపరీక్షలు చూసి తీసుకోవలసిన నిర్ణయం. నెలన్నర ఆగకుండా వారికి ఫోన్ చేయించండి.

ఇక కండరాలు పట్టేయడానికి వస్తే, ఇమాటినిబ్ వాడేవారిలో ఇది చాలా మామూలు బాధ, ఖనిజాలన్నీ సరిగ్గా ఉన్నవారికి కూడా వస్తుంది. అందుకే పరీక్ష చేయించకుండా ఏ మాత్రా మొదలుపెట్టకూడదు. కాల్షియం, అల్బుమిన్ (రక్తంలోని ఒక ప్రోటీన్), మెగ్నీషియం, ఫాస్ఫేట్, పొటాషియం, క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చూపేది), విటమిన్ డి, ఈ ఏడూ ఒకేసారి చేయించండి. మన దగ్గర నీరసమన్నా నొప్పులన్నా కాల్షియం ఒక్కటే చూస్తారు, మెగ్నీషియం, ఫాస్ఫేట్ మాట ఎవరికీ గుర్తురాదు. ఇమాటినిబ్ వాడేవారిలో ఫాస్ఫేట్ తగ్గుతుందని, ఎముకల్లో జరిగే మార్పులతో దానికి సంబంధం ఉందని 2006లోనే గుర్తించారు. కాల్షియం మాత్ర భోజనంతో పాటు పడితే తిండిలోని ఫాస్ఫేట్‌ను పేగుల్లోనే పట్టేసి, ఒంటికి అందకుండా చేస్తుంది. ఫాస్ఫేట్ తక్కువగా ఉన్న మనిషికి తెలియక కాల్షియం ఇస్తే లోటును పెంచినట్లే అవుతుంది.

నమూనా గురించి ఒక మాట. రక్తం ఉదయం పరగడుపున ఇవ్వాలి, హన్మకొండలో నేరుగా ల్యాబుకే వెళ్లి ఇవ్వాలి. కలెక్షన్ సెంటరులో తీసిన రక్తం ఎండలో మోటార్‌సైకిల్ మీద మూడు గంటలు తిరిగితే ఎర్రకణాలు పగిలి పొటాషియం, ఫాస్ఫేట్, మెగ్నీషియం ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తాయి, అసలు లోటు దాగిపోతుంది. రిపోర్టులో హిమోలైజ్డ్ (ఎర్రకణాలు పగిలాయి) అని రాసి ఉంటే మళ్లీ ఇవ్వవలసిందే.

ఇప్పుడు నాకు మీ నుంచి కావలసిన సమాచారం ఇది: ఇమాటినిబ్ కాకుండా ఆయన ఇంకేమేం వేసుకుంటున్నారు? గ్యాస్ మాత్రతో సహా రాయండి. గ్యాస్ మాత్రను మందుగా లెక్కపెట్టకపోవడం మనవాళ్లకు అలవాటు.

అంతవరకు నొప్పులకు డైక్లోఫెనాక్ సూదులు వేయించవద్దు. ఒంట్లో నీరు పెరుగుతుంది, ప్లేట్‌లెట్లు తక్కువగా ఉంటే రక్తస్రావం కూడా కావచ్చు. పిక్క పట్టినప్పుడు అమ్మ చేస్తున్నదే సరైన పని. పడుకునే ముందు గోడకు రెండు చేతులూ ఆనించి, మడమ నేలమీద నుంచి లేవకుండా ముందుకు వంగి, ఒక్కో కాలికి అర నిమిషం చొప్పున నాలుగైదు సార్లు పిక్కను సాగదీయించండి.

ప్రశ్న అడిగినవారు

సార్, మీరు అడిగినట్లే ఇంకో రెండు మాత్రలు ఉన్నాయి. మొదటి నుంచి పొద్దున్నే పాంటోప్రజోల్ అనే గ్యాస్ మాత్ర వేసుకుంటున్నారు, ఎందుకు మొదలైందో ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు. ఆరు నెలల కిందట కండ్ల చుట్టూ, పాదాలకు వాపు వస్తే ఫ్యూరోసెమైడ్ అనే నీరు తీసే మాత్ర రాశారు. నిన్న రక్తం ఇచ్చాము. కాల్షియం 8.2, అల్బుమిన్ 3.4, మెగ్నీషియం 1.3, ఫాస్ఫేట్ 2.1, పొటాషియం 3.4, క్రియాటినిన్ 1.0, విటమిన్ డి 14. కాల్షియం ఎదురుగా తక్కువ అని ఎర్ర అక్షరాల్లో ఉంది. మరి కాల్షియం మాత్రలే కదా వాడుతున్నాము?

జవాబు: ఖాజీపేట నుంచి, రిటైర్డ్ ఫార్మసిస్టు

ఆ ఎర్ర అక్షరాలను నమ్మకండి. రక్తంలోని కాల్షియంలో దాదాపు సగం అల్బుమిన్‌ను అంటిపెట్టుకుని ఉంటుంది కాబట్టి అల్బుమిన్ తగ్గితే కాల్షియం అంకె కూడా తగ్గి కనిపిస్తుంది. అల్బుమిన్ 4 కంటే ఎంత తక్కువ ఉందో దాన్ని 0.8తో గుణించి కాల్షియానికి కలపాలి. మీ బాపు విషయంలో 0.6ను 0.8తో గుణిస్తే 0.48 వస్తుంది, అది కలిపితే సుమారు 8.7 అవుతుంది. అంటే కాల్షియం లోటు లేనట్లే. అసలు లోటు మెగ్నీషియంలో, ఫాస్ఫేట్‌లో ఉంది. మెగ్నీషియం మామూలుగా 1.7 నుంచి 2.2 వరకు, ఫాస్ఫేట్ 2.5 నుంచి 4.5 వరకు ఉండాలి.

మెగ్నీషియం ఎక్కడికి పోతున్నదో మీ జాబితాలోనే ఉంది. పాంటోప్రజోల్ వంటి మాత్రలు ఏడాదికి మించి వాడితే పేగుల నుంచి మెగ్నీషియం ఒంటికి ఎక్కడం తగ్గవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2011లో హెచ్చరించింది. ఫ్యూరోసెమైడ్ మెగ్నీషియాన్ని, పొటాషియాన్ని మూత్రంలో బయటికి పంపుతుంది. దీనికి తోడు ఇమాటినిబ్‌తో అప్పుడప్పుడు వచ్చే విరేచనాలు. మెగ్నీషియం నిండనంత వరకు పొటాషియం ఎంత ఇచ్చినా నిలవదు. ఒక మందు వాపు తెచ్చింది, ఆ వాపుకు వేసిన మందు ఖనిజాలను లాగేసింది, ఆ లోటుకు షాపువాళ్లు ఇచ్చిన మాత్ర ఇంకో ఖనిజాన్ని అడ్డుకుంది. తప్పు ఎవరిదని వెతకను కానీ, మూడేళ్లలో ఈ మాత్రలన్నింటినీ ఒకే బల్లమీద పెట్టి చూసినవారు లేరు.

ఈ రిపోర్టును డాక్టరుకు వాట్సాప్‌లో పంపి మూడు విషయాలు అడగండి. గ్యాస్ మాత్ర ఇంకా అవసరమా, వాపు మాత్ర మోతాదు తగ్గించవచ్చా, మెగ్నీషియం ఏ రూపంలో ఎంత ఇవ్వాలి. మెగ్నీషియం ఆక్సైడ్ చాలామందికి విరేచనాలు చేస్తుంది, అలా జరిగితే లోటు ఇంకా పెరుగుతుంది కాబట్టి విడిగా అడగమంటున్నాను. మూత్రపిండాలు సరిగ్గా పనిచేయనివారికి మెగ్నీషియం ప్రమాదం, మీ బాపు క్రియాటినిన్ 1.0 కాబట్టి ఆ భయం తక్కువ. థైరాయిడ్ మాత్ర వాడేవారైతే దానికీ ఖనిజాల మాత్రలకూ నాలుగు గంటల ఎడం ఉండాలి.

తిండి సంగతి. జొన్న రొట్టె, నువ్వులు, పెసలు, పాలకూరలో మెగ్నీషియం బాగానే ఉంటుంది, అయితే 1.3ను తిండి ఒక్కటే సరిచేయలేదు. ఫాస్ఫేట్‌కు పాలు, పెరుగు, గుడ్లు, చేపలు మేలు. మార్కెట్‌లో ఎండకు చెమట పడుతుందని ఓఆర్ఎస్ ప్యాకెట్లు తాగిస్తున్నారేమో చూడండి. అందులో మెగ్నీషియం ఉండదు, సోడియం ఉంటుంది, వాపు ఎక్కువవుతుంది. అదే కారణంతో పచ్చడి, అప్పడం తగ్గించి, రోజూ పొద్దున్నే బరువు చూసి రాసుకోండి. నాలుగైదు రోజుల్లో రెండు కిలోలు పెరిగినా, ఆయాసం వచ్చినా అదే రోజు డాక్టరుకు చెప్పాలి. గుండె దడగా కొట్టుకున్నా, కళ్లు తిరిగి పడిపోయినా, మూతి చుట్టూ తిమ్మిరెక్కినా ఇంట్లో ఉంచకుండా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి అత్యవసర విభాగానికైనా తీసుకెళ్లాలి.

సీఎంఎల్‌కే ఇచ్చే ఇంకో మందు నిలోటినిబ్ వాడుతున్నవారు ఎవరైనా ఇది చదువుతుంటే మీకు ఇంకో జాగ్రత్త ఉంది. ఆ మందు గుండె లయను మార్చగలదు కాబట్టి పొటాషియం, మెగ్నీషియం తగ్గకుండా చూసుకోవడం మీకు ఇంకా ముఖ్యం. మీ మందును భోజనంతో వేసుకోకూడదు, ముందు రెండు గంటలు, తర్వాత ఒక గంట ఏమీ తినకూడదు.

నర్సంపేట నుంచి, ఒక తల్లి

సార్, మా బాబుకు తొమ్మిదేళ్లు, ఏఎల్ఎల్ అనే ఇంకో రకం రక్త క్యాన్సర్‌కు మెయింటెనెన్స్ (జబ్బు తిరిగి రాకుండా ఇచ్చే) చికిత్స నడుస్తోంది. వాడికి కూడా కాళ్ల నొప్పులు. ఇదే మెగ్నీషియం మాత్ర, దాంతోపాటు బలానికి ఫోలిక్ యాసిడ్ ఇవ్వవచ్చా?

జవాబు: ఖాజీపేట నుంచి, రిటైర్డ్ ఫార్మసిస్టు

వద్దమ్మా. వాడి జబ్బు వేరు, మందులు వేరు. స్టెరాయిడ్లు ఇచ్చే రోజుల్లో ఎముకలు బలహీనపడతాయి కాబట్టి విటమిన్ డి, కాల్షియం చూడమని మీ డాక్టరును అడగండి, కాళ్ల నొప్పుల సంగతి తప్పకుండా చెప్పండి. ఫోలిక్ యాసిడ్ మాత్రం సొంతంగా అస్సలు మొదలుపెట్టవద్దు, ఆ చికిత్సలో ఇచ్చే మెథోట్రెక్సేట్ చేసే పనికి అది అడ్డుపడవచ్చు. మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒక్క రోజే వేయాలన్నది మీకు తెలిసే ఉంటుంది, అయినా క్యాలెండర్‌లో ఆ రోజుకు గుర్తు పెట్టండి. నా ఉద్యోగంలో అది రోజూ వేసి ఆసుపత్రి పాలైనవారిని చూశాను.

ప్రశ్న అడిగినవారు, ఐదు వారాల తర్వాత

డాక్టరు రిపోర్టు చూసిన రోజే కాల్షియం ఆపించారు. పాంటోప్రజోల్‌ను రోజు విడిచి రోజు చేసి పది రోజుల్లో మాన్పించి, మంట వస్తే వేసుకోవడానికి ఫామోటిడిన్ ఇచ్చారు. వాపు మాత్ర సగం చేశారు. మెగ్నీషియం రెండు పూటలా, విటమిన్ డి వారానికి ఒకటి రాశారు. గ్యాస్ మాత్ర మానిన మొదటి వారం ఛాతీలో మంటతో బాపు చాలా చికాకు పడ్డారు, మళ్లీ అదే తెమ్మని రెండుసార్లు అడిగారు. తర్వాత సర్దుకుంది. ఇప్పుడు మెగ్నీషియం 1.8, ఫాస్ఫేట్ 2.6, పొటాషియం 3.9. కండ్ల కింద ఉబ్బు పొద్దున పూట కొంచెం ఉంటోంది కానీ బరువు పెరగలేదు. గడిచిన పది రాత్రుల్లో అమ్మ ఒక్కసారే లేచింది. ఇమాటినిబ్ ఒక్క రోజు కూడా తప్పలేదు, వచ్చే నెల బీసీఆర్-ఏబీఎల్ పరీక్ష ఉంది.