‘దేశి సరుకుల నమ్మవలెనోయ్’: అమ్మడమా, నమ్మడమా?

విశాఖ ఎం.వి.పి. కాలనీ నుంచి, ప్రశ్న (జవాబులిచ్చినవారినీ వారి ఊరు, పేట పేర్లతోనే చూపాం):
సెప్టెంబర్ 21న గురజాడ జయంతికి మా పాప బడిలో ‘దేశభక్తి’ పాడుతోంది. నిన్న రాత్రి నేర్పిస్తూ ఒక పాదం దగ్గర ఆగిపోయాం. మా నాన్నగారు పాడగా విన్నది నా చెవిలో ఇలా ఉంది: ‘అన్ని దేశాల్ క్రమ్మవలెనోయ్, దేశి సరుకుల నమ్మవలెనోయ్’. ఆయన ‘సరుకుల’ దగ్గర చిన్న విరుపు ఇచ్చి, ‘నమ్మ’ని ఒత్తి పలికేవారు. మన సరుకుల మీద నమ్మకం ఉంచుకోవాలనే ఇన్నాళ్లూ అనుకున్నాను. పాపేమో ‘సరుకులను అమ్మాలని కదా నాన్నా’ అంది. ఎక్కడ విరిచి పాడించాలి? ఇంకా రెండు రోజులే ఉంది, టెన్షన్‌గా ఉంది.

సీతమ్మధార:
పాప చెప్పిందే రైటు. సరుకులన్ + అమ్మవలెను. పై పాదంలో అన్ని దేశాలూ కమ్ముకోవాలన్నారు, కింద ‘డబ్బు తేలేనట్టి నరులకు’ అన్నారు. నమ్మితే డబ్బెలా వస్తుందండీ? అమ్మితే వస్తుంది.

పెదవాల్తేరు:
మేష్టారూ, అంత తొందరగా తేల్చేయకండి. సరుకులన్ + నమ్మ అనుకున్నా ద్రుతం, అంటే చివరి ‘న్’, లోపించి ‘సరుకుల నమ్మ’ అనే అవుతుంది. మాత్రలూ మారవు. దేశి, సరుకుల, నమ్మ, వలెనోయ్: మూడు, నాలుగు, మూడు, నాలుగు. ఇక కాలం చూడండి. గేయం 1910 నాటిది. 1907లోనే బెంగాల్ నాయకుడు బిపిన్ చంద్రపాల్ ఆంధ్రలో తిరిగి స్వదేశీ మీద ఉపన్యాసాలిచ్చి వెళ్లారు. విదేశీ గుడ్డ వద్దు, మన గుడ్డ మీద గురి ఉంచండి అని జనం చెప్పుకుంటున్న రోజులవి. అప్పుడు ‘దేశి సరుకుల నమ్మవలెనోయ్’ అంటే విన్నవాళ్లకు ఏం తోస్తుంది?

భీమిలి:
ఊరంతా అంటున్న మాటనే గురజాడ కూడా అన్నారనుకోవడం దగ్గరే నాకు పేచీ. స్వదేశీవాళ్లు కొనమన్నారు. ఈయన ఇంకో అడుగు వేసి, తయారుచేసి అమ్మమన్నారు. ‘అన్ని దేశాల్’ అన్న మాటను వదిలేసి ఈ పాదాన్ని చదవకూడదు. విశాఖ పోర్టు 1933లో గానీ రాలేదు. ఆయన కాలంలో ఓడలు దూరంగా సముద్రంలోనే ఆగేవి, ఒడ్డు నుంచి పడవల మీద సరుకు చేర్చేవారు. మా భీమిలి రేవులోనూ అంతే. మన సరుకు సముద్రం దాటిపోవడం ఈ తీరంలో ఉన్నవాళ్లకు కళ్లెదుట కనిపించే సంగతి.

అక్కయ్యపాలెం:
మా అమ్మమ్మగారిది ఎలమంచిలి వైపు. గురజాడ పుట్టింది రాయవరంలో. ఏటికొప్పాక కూడా ఆ చుట్టుపక్కలదే. అంకుడు కర్ర బొమ్మలకు లక్క రంగులు ఎక్కించే ఊరు. ‘జల్దుకొని కళలెల్ల నేర్చుకు దేశి సరుకులు నింపవోయ్’ అన్నచోట కళలంటే సంగీతం, నాట్యం కావని, చేతిపనులేనని నా నమ్మకం. సరుకు నింపాక అమ్మకుండా ఇంట్లో పెట్టుకుంటారా? ‘జల్దుకొని’ని కూడా ఉత్త తొందరగా చూడకండి. పైన ‘ఈసురోమని’ ఉంది కదా, ఆ నీరసానికి ఇది విరుగుడు.

పెదవాల్తేరు:
అమ్మా, మంచి పాదం గుర్తు చేశారు. నా వాదానికి అదే ఆధారం. అక్కడ ‘సరుకులు నింపవోయ్’ అన్నారు, ‘సరుకుల’ అనలేదు. అమ్మడమే ఉద్దేశమైతే ఇక్కడా ‘సరుకులు అమ్మవలెనోయ్’ అనేయొచ్చు, గణం ఎక్కడా చెడదు. ‘మంచి అన్నది పెంచుమన్నా’లో సంధి చేయకుండా వదిలేసిన కవే కదా.

సీతమ్మధార:
నా దగ్గరున్న పుస్తకంలో ‘మంచియన్నది’ అని ఉంది. అలా నడుమ ‘య’ చేరి యడాగమం ఉంటే మీ వాదం నిలవదు. పైగా అదే లెక్కన ‘సరుకులు నమ్మవలెనోయ్’ అనీ అనొచ్చు. ‘మాటలు నమ్మకు’ అంటాం, ‘మాటలను నమ్మకు’ అని పనిగట్టుకుని అనం.

మద్దిలపాలెం:
నాకు వేరే ఇబ్బంది ఉంది. ‘కన్యాశుల్కం’ రాసిన మనిషికి అమ్మకం అన్న మాటే ఎంత చేదు! ‘పూర్ణమ్మ’లో ‘కాసుకు లోనై తల్లీ తండ్రీ’ అన్నచోటికి వచ్చేసరికి నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. ‘నలుగురు కూర్చుని నవ్వే వేళల’ దాకా ఒక్కసారి కూడా పైకి చదవలేకపోయాను. ఆ చేత్తోనే ‘అమ్మవలెనోయ్’ అని రాశారంటే మనసు ఒప్పుకోవడం లేదు.

భీమిలి:
నేను సరిగ్గా అందుకే ఒప్పుకుంటాను. పిల్లను అమ్ముకునే దేశానికి, అమ్మాల్సింది సరుకులని చెప్పారు. శ్రీశ్రీ తన కవిత్రయంగా తిక్కన, వేమన, గురజాడ అన్నది ఊరికే కాదు. ముగ్గురిదీ సూటి మాట.

పెదవాల్తేరు:
తిక్కనది సూటి మాటేనా? ద్రౌపది చేత, కృష్ణుడి చేత ఆయన పలికించిన మాటల్లో పైకి వినిపించేది సగమే. అందుకే అంటున్నాను, గురజాడ ఇక్కడ రెండూ వినిపించేలా శ్లేష పెట్టారేమో. ‘క్రొత్త పాతల మేలు కలయిక’ అని చెప్పుకున్న కవికి శ్లేష పరాయిది కాదు.

సీతమ్మధార:
శ్లేష దాకా ఎందుకు, అదే చరణం చివర చూడండి. ‘కీర్తి సంపద లబ్బవోయ్’. సంపదలు + అబ్బవు + ఓయ్. అక్కడ ల జరిగి కూర్చున్నట్టే, ఇక్కడ న జరిగి కూర్చుంది. ‘డబ్బు, లబ్బ’ కలిసినట్టే ‘క్రమ్మ, నమ్మ’ కలిశాయి. ఒకే చరణం, ఒకే పోకడ.

పెదవాల్తేరు:
‘లబ్బు’ అనే క్రియ తెలుగులో లేదు కాబట్టి అక్కడ అనుమానం రాదు. ‘నమ్ము’ ఉంది.

ఎం.వి.పి. కాలనీ:
అందరికీ దండాలు. విరుపు ఎక్కడో కూడా చెప్పండి. రేపు రాత్రే ఆఖరి ప్రాక్టీసు.

భీమిలి:
‘సరుకుల’ తరవాతే విరవండి. ఈ గేయం ఛందస్సు ముత్యాలసరం, అందులో ఏడు మాత్రల దగ్గర ఊపిరి ఆగుతుంది: దేశమంటే, మట్టి కాదోయ్. వట్టి మాటలు, కట్టిపెట్టోయ్. అలాగే దేశి సరుకుల, నమ్మవలెనోయ్. కీర్తి సంపద, లబ్బవోయ్. మీ నాన్నగారు ఛందస్సు పాడారు. విరుపు అక్కడ పడితే ‘నమ్మ’ అనే వినిపిస్తుంది. పాపకు అర్థం మాత్రం అమ్మడమని చెప్పండి.

పెదవాల్తేరు:
విరుపు అక్కడే పడుతుందని, అప్పుడు ‘నమ్మ’ అని వినిపిస్తుందని గురజాడకు తెలియదంటారా? పదాలను పాటలా పలికించిన మనిషి ఆయన. సరే, పాప ‘క్రమ్మవలెనోయ్’ని ఎలా అర్థం చేసుకుందో కూడా అడగండి. మబ్బు కమ్మినట్టా, జనం చుట్టూ మూగినట్టా? నాకు అది ఎప్పుడూ మబ్బులాగే కనిపిస్తుంది.