ఇద్దరం ఒకే రోజు సిగరెట్ మానేశాం, టెన్షన్ నాకే ఎందుకు ఎక్కువ?

ప్రశ్న: నేనూ మా ఆయనా మానేసి 9 రోజులైంది. ఆయన నాలుగో రోజుకే తేరుకున్నారు. నాకింకా చిరాకు, నిద్ర లేదు. నిన్న పాలు పొంగిపోతే ఏడ్చేశాను. పీరియడ్స్‌కు 4 రోజులుంది. లోపం నాదేనా?

జవాబు: లోపం కాదమ్మా. సిగరెట్‌లోని నికోటిన్, ఒత్తిడిని తట్టుకోవడానికి శరీరం వాడే కార్టిసాల్ అనే హార్మోన్‌ను పెంచుతుంది. ఏళ్లుగా అలవాటైన ఆ ఊతం పోగానే శరీరం తడబడుతుంది. పైగా ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ వల్ల ఆడవాళ్ల కాలేయం నికోటిన్‌ను త్వరగా ఖర్చు చేసేస్తుంది, గర్భనిరోధక మాత్రలు వాడితే ఇంకా త్వరగా. అందుకే మానేసినప్పుడు ఆ లోటు ఎక్కువగా తెలియొచ్చు. పీరియడ్స్ ముందు వారం చాలామందికి మరీ కష్టం. నేను రెండుసార్లు ఆ వారంలోనే మళ్లీ వెలిగించాను. మూడోసారి, పీరియడ్స్ అయ్యాక మానడం మొదలుపెట్టాను, మానేసి ఇప్పటికి 14 నెలలు. ఈ 4 రోజులు గట్టిగా పట్టుకోండి.

ఇంకో జవాబు: పొగాకు మానేందుకు సాయం చేసే జాతీయ క్విట్‌లైన్ 1800-11-2356కు ఫోన్ చేయండి, ఉచితం.

అడిగినవారు: మాత్రలు వాడుతున్నాను! ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. రేపే డాక్టర్‌ని అడుగుతాను.