దేవదాసు కోసం ఏడవాలా, పార్వతి కోసమా?

మాలతి_ఖమ్మం: 1953 నాటి ‘దేవదాసు’ మళ్ళీ చూశాక దానికి మూలమైన శరత్ బెంగాలీ నవల కూడా తీసి చదివాను. సూటిగానే అడుగుతున్నా, డెబ్భై ఏళ్ళుగా మనం ఆ మనిషి కోసమే ఎందుకు ఏడుస్తున్నాం? ఊరంతా నిద్రపోయాక, ఎవరైనా చూస్తే బతుకేమవుతుందో తెలిసి కూడా అతని గదికి వెళ్ళింది పార్వతి. నన్ను చేసుకో అని నోరు తెరిచి అడిగింది. అతను అమ్మానాన్న ఒప్పుకోరన్నాడు, కలకత్తా పోయి ఒక ఉత్తరం రాసి చేతులు దులుపుకున్నాడు. తర్వాత మనసు మారి వచ్చి, ఆమె కాదనేసరికి గాలం కర్రతో నుదుటి మీద కొట్టాడు. ఇలాంటివాణ్ణి మనం అమర ప్రేమికుణ్ణి చేసి కూర్చోబెట్టాం.

పాతరీలు: మాలతిగారూ, సగమే చెప్పారు. కొట్టిన వెంటనే రక్తం చూసి తన చొక్కా చింపి, తడిపి కట్టు కట్టింది కూడా అతనే. అది చిన్నప్పటి నుంచీ ఉన్న చనువు, దెబ్బలాటలతో పెరిగిన జంట. దర్శకుడు వేదాంతం రాఘవయ్యగారు గానీ, దేవదాసు వేసిన నాగేశ్వరరావుగారు గానీ ఆ మనిషిని గొప్పవాడని ఎక్కడా చూపించలేదు. నాశనమైపోతుంటే చూపించారు. తెరమీద ఒకడు నాశనమైతే జాలిపడటం కూడా తప్పేనా?

సీమ_బిడ్డ: ఆ తాగిన సీన్లు రాత్రిపూట తీశారంట. పెరుగన్నం తిని కళ్ళు బరువెక్కాక నటించానని నాగేశ్వరరావుగారే చెప్పేవారు.

మాలతి_ఖమ్మం: కట్టు కట్టాడు కాబట్టి కొట్టింది చెల్లిపోయిందా?

పాతరీలు: చెల్లిందని నేనన్నానా? కొట్టాడు అని మాత్రమే రాసి కట్టు సంగతి వదిలేశారు, అది న్యాయం కాదన్నాను. శరత్ రెండూ రాశాడు.

మాలతి_ఖమ్మం: ఆ మచ్చ జీవితాంతం ఉండేది ఎవరి నుదుటిమీదండీ?

పాతరీలు: మీరు ఒక్క దెబ్బ పట్టుకుని మొత్తం కథని తూకం వేస్తున్నారు.

కిరణ్‌_డల్లాస్: నేను 2002 హిందీది మాత్రమే చూశాను. అందులో పార్వతి, ఆ వేశ్య చంద్రముఖి కలిసి డాన్స్ చేస్తారు కదా, అది పుస్తకంలో ఉందా?

మాలతి_ఖమ్మం: లేదు. నవలలో వాళ్ళిద్దరూ ఎదురుపడరు.

సుబ్బరామన్_అభిమాని: అందరూ ఒకటి మర్చిపోతున్నారు. ఆ సినిమా సగం నిలబడింది పాటలమీద. సంగీతం పూర్తికాకుండానే 1952లో సంగీత దర్శకుడు సుబ్బరామన్ పోయారు, మిగతాది విశ్వనాథన్, రామమూర్తి పూర్తి చేశారు. ఘంటసాల గొంతు తీసేస్తే మీరిద్దరూ దేవదాసు గురించి ఇంత కొట్టుకునేవారు కాదు.

మాలతి_ఖమ్మం: నా బాధా అదే! తాగుడికి అంత మంచి గొంతు, అంత మంచి బాణీ. పార్వతి ఆ పెద్ద ఇంట్లో, తనకంటే పెద్ద సవతి పిల్లల మధ్య ఎలా బతికిందో దానికి అన్ని పాటలు లేవు. ఇది నాకు పుస్తకాల గొడవ కాదు. మా పెద్దన్నయ్య ప్రేమించిన అమ్మాయి దక్కలేదని తాగాడు. ఊళ్ళో అందరూ ‘మీ దేవదాసు ఎలా ఉన్నాడు’ అని జాలిగా అడిగేవాళ్ళు. అతనికి కట్టబెట్టిన మా వదిన పుస్తెలతాడు తాకట్టు పెట్టి పిల్లల ఫీజులు కట్టింది. ఆవిడ ఎలా ఉందని అడిగినవాళ్ళు లేరు. అన్నయ్య పోయినరోజు కూడా పెద్దమనుషులొచ్చి ‘పాపం, సున్నితమైన మనసు’ అన్నారు, వదిన ఎదురుగానే.

పాతరీలు: మీ అన్నయ్యగారి సంగతి విని బాధ కలిగిందమ్మా. కానీ దానికి సినిమా ఏం చేస్తుంది? నవల అచ్చయింది 1917లో, తాగుడు అంతకుముందూ ఉంది.

మాలతి_ఖమ్మం: తాగుడు ఉంది. తాగుడికి గౌరవం ఎక్కణ్ణుంచి వచ్చిందో అడుగుతున్నాను.

కిరణ్‌_డల్లాస్: పాతరీలు గారూ, దానికి మాత్రం జవాబు చెప్పాల్సిందే.

పాతరీలు: చెబుతా. మీకందరికీ సీసా ఒక్కటే కనబడుతోంది. ఆ కథ తాగుడు గురించి కాదు, తండ్రి ముందు నోరు పెగలకపోవడం గురించి. నవలలో పార్వతిని ఎందుకు వద్దన్నారు? ఆడపిల్లకి డబ్బు పుచ్చుకునే ఇల్లనీ, తక్కువ ఇల్లనీ, పైగా పక్కిల్లేననీ. కన్యాశుల్కం చూసిన మన జిల్లాలకి ఇది వేరే వివరించాలా? ఎస్వీ రంగారావుగారు ఆ జమీందారు తండ్రిగా నిలబడితే, ఎదురుగా ఉన్నవాడి గొంతులో మాట అలాగే ఎండిపోతుంది. నేనూ అలాంటి ఇంట్లోనే పెరిగాను. నాకు నచ్చిన అమ్మాయి సంగతి నాన్న ముందు ఎత్తాను. ఆయన కుర్చీ వెనక్కి తోసి లేచి నిలబడ్డారు, అంతే, నా మాట ఆగిపోయింది. నేను తాగలేదు, చెప్పినచోట పెళ్ళి చేసుకున్నాను. ఆ సినిమాలో ఏడ్చేది ఆ నిలబడలేని క్షణానికి. మా అమ్మాయి తన ఇష్టం చెప్పినప్పుడు ఒక్కమాట అడ్డు చెప్పలేదు, అది ఆ సినిమా పెట్టిన భిక్షే.

సీమ_బిడ్డ: ఇది ముందే చెప్పుంటే ఇంత గొడవ లేకపోయేది సార్.

మాలతి_ఖమ్మం: గొడవ ఇప్పుడే అసలు చోటికి వచ్చింది. నోరు పెగలనివాడి కోసం ఏడుస్తాం అంటున్నారు మీరు. నోరు విప్పినదాని కోసం ఎందుకు ఏడవం అని నేను. నవల ఆఖరి పేజీ తీయండి. పాండువా స్టేషన్లో దిగి, ఎద్దుబండిలో వచ్చి ఆమె ఇంటి ముందు చచ్చిపోతాడు. విషయం తెలిసి ఆమె పరిగెడుతుంది, మొగుడు పట్టుకోమంటాడు, స్పృహ తప్పిన మనిషిని ఇంట్లోకి మోసుకొస్తారు. ఆ తర్వాత శరత్ ఏమంటాడు? పార్వతి ఎలా ఉందో తెలియదు, కనుక్కోవాలనీ లేదు, దేవదాసుని తలుచుకుంటేనే బాధ అంటాడు. పాఠకుల్ని కన్నీళ్ళు పెట్టమన్నదీ అతని కోసమే. రాసినవాడే ఆమెని గుమ్మం లోపల వదిలేశాడు, సినిమాలు తీసినవాళ్ళు అదే దారిన పోయారు. మీరూ అంతే. మీ నాన్నగారి కుర్చీ దగ్గర్నుంచీ అన్నీ రాశారు, ఆ అమ్మాయి గురించి ఒక్క లైను లేదు. ఆవిడ ఏమైంది?

పాతరీలు: ఆవిడకి పెళ్ళయి పిల్లలున్నారు. పదిమంది చదివేచోట ఆవిడ సంగతి రాయడం మర్యాద కాదని రాయలేదు. రాయనంత మాత్రాన మర్చిపోయినట్టు లెక్కేయకండి మాలతిగారూ.