అమ్మను నర్సింగ్ హోమ్‌లో చేర్చే సమయం వచ్చిందని ఎలా తెలుస్తుంది?

ప్రశ్న (అమెరికాకు కొత్తగా వచ్చిన సభ్యుడు):
అందరికీ నమస్కారం. నేను ఈ దేశానికి వచ్చి ఎనిమిది నెలలైంది. మా అమ్మగారు గ్రీన్‌కార్డు మీద వచ్చి ఆరేళ్లుగా మా అన్నయ్య ఇంట్లో ఉంటున్నారు. ఆమె వయసు 81. మతిమరుపు జబ్బు ముదిరి, రాత్రిళ్లు లేచి వీధి తలుపు తీస్తున్నారు. నర్సింగ్ హోమ్ (ఇక్కడ వృద్ధులను ఉంచి చూసుకునే చోటు) తప్పదని అన్నయ్య అంటున్నాడు, నాకేమో మనసొప్పడం లేదు. సమయం వచ్చిందో లేదో ఎలా తేల్చుకోవాలో అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.

న్యూజెర్సీ సభ్యుడు:
సమయం మాట తరువాత, ముందు సంతకం సంగతి వినండి. మా నాన్నగారిని చేర్చిన రోజున ఒక లావుపాటి కాగితాల కట్ట నా ముందు పెట్టారు. ఆయన పక్కనే చక్రాల కుర్చీలో కూర్చుని ఇంటికి పోదామని అడుగుతూ ఉంటే, చదివే ఓపిక లేక ‘బాధ్యత వహించువారు’ అన్నచోట సంతకం చేశాను. బాధ్యత అంటే ఫోన్ చేస్తే పలకడమే అనుకున్నాను. ఏడు నెలలకు ఆయన సొమ్ము అయిపోగానే బకాయి మొత్తం నా పేరున వచ్చింది. మెడికేర్ (ముఖ్యంగా 65 దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య బీమా), మెడికెయిడ్ (ఆదాయం, ఆస్తి తక్కువున్నవారికి ప్రభుత్వ సాయం) డబ్బు తీసుకునే ఏ నర్సింగ్ హోమూ చేర్చుకోవడానికి షరతుగా కుటుంబసభ్యుల సొంత పూచీ అడగకూడదని 1987 నాటి ఫెడరల్ చట్టం చెబుతోంది. ఆ మాట నేను రాసి పంపినా ఉత్తరాలు ఆగలేదు. ప్రతి రాష్ట్రంలోనూ ఉండే లాంగ్ టర్మ్ కేర్ ఆంబుడ్స్‌మన్‌కు (నర్సింగ్ హోమ్‌లలో ఉండేవారి తరఫున ఫిర్యాదులు చూసే అధికారి) ఫిర్యాదు చేశాకే ఆగాయి. కాబట్టి అమ్మగారికి విషయం అర్థమయ్యే స్థితి ఉండగానే పవర్ ఆఫ్ అటార్నీ (ఆమె తరఫున వ్యవహరించే అధికారపత్రం) రాయించుకుని, ఆ హోదాలో మాత్రమే సంతకం చేయండి. ఆ స్థితి దాటితే గార్డియన్‌షిప్ (ఆమె తరఫున నిర్ణయాలు తీసుకునే సంరక్షక హక్కు) కోసం కోర్టు మెట్లెక్కాలి.

టెక్సస్ సభ్యుడు:
అమ్మగారు గ్రీన్‌కార్డు మీద ఇక్కడ ఉండి ఐదేళ్లు నిండాయి కనుక మీకు దిగులు లేదు. మెడికేర్ నర్సింగ్ హోమ్‌కు నూరు రోజుల ఖర్చు ఇస్తుంది. మా అత్తగారికి ఇచ్చారు.

ఒహాయో సభ్యురాలు (నర్సు):
టెక్సస్ సోదరుల మాట సగమే నిజం. ఆ నూరు రోజులు నర్సు నైపుణ్యమో ఫిజియోథెరపీయో అవసరమైన వారికే ఇస్తారు తప్ప, మతిమరుపు మనిషిని కనిపెట్టుకుని ఉండడానికి ఒక్క రోజు కూడా ఇవ్వరు. పైగా ఒరిజినల్ మెడికేర్‌లో (ప్రభుత్వమే నేరుగా నడిపేది) ముందు వరుసగా మూడు రోజులు ఆసుపత్రిలో ఇన్‌పేషెంట్‌గా ఉండాలి, అబ్జర్వేషన్ కింద (అధికారికంగా చేర్చుకోకుండా గమనించడానికి) పడుకోబెట్టిన రోజులు లెక్కకు రావు. మొదటి 20 రోజులు దాటాక రోజుకింత అని మనమూ కట్టాలి. ఇక్కడ తానో భర్తో పదేళ్లు పన్ను కట్టి ఉద్యోగం చేయకపోతే పార్ట్ ఏ (మెడికేర్‌లో ఆసుపత్రి, నర్సింగ్ హోమ్ ఖర్చుల భాగం) ఉచితంగా రాదు, ఐదేళ్లు నిండినా కొనుక్కోవాలి. ఏళ్ల తరబడి భారం మోసేది మెడికెయిడ్. అదీ చాలా రాష్ట్రాల్లో గత 60 నెలల్లో ఆస్తి ఎవరికైనా రాసిచ్చారా అని తవ్వి చూస్తుంది.

టెక్సస్ సభ్యుడు:
మా అత్తగారు ఆసుపత్రిలో ఉన్నది ఒక్క రాత్రే.

ఒహాయో సభ్యురాలు (నర్సు):
అయితే ఆవిడది అడ్వాంటేజ్ ప్లాన్ (ప్రైవేటు బీమా కంపెనీ ద్వారా నడిచే మెడికేర్) అయి ఉంటుంది. వాటిలో చాలావాటికి ఆ మూడు రోజుల నియమం లేదు. తుంటి ఎముక విరిగి నడక నేర్పించుకోవడానికి వెళ్లారని మీరే ఇదివరకు రాశారు. ఈ అమ్మగారి సంగతి వేరు.

మిచిగన్ సభ్యురాలు:
అడిగిన ప్రశ్న పక్కకు పోయింది. తమ్ముడూ, ఈ మార్పు నాలుగు రోజుల్లో ముంచుకొచ్చిందా, నెలల తరబడి వచ్చిందా అన్నది ముందు చూడండి. హఠాత్తుగా వచ్చిందైతే మూత్రంలో ఇన్‌ఫెక్షనో, కొత్త మాత్రో కారణం కావచ్చు. డాక్టరు ఆ పరీక్షలు చేయకుండా ఏ నిర్ణయమూ వద్దు. తరువాత ఆరు పనులు చూడండి: స్నానం, బట్టలు, మరుగుదొడ్డికి వెళ్లడం, మంచం మీంచి కుర్చీలోకి మారడం, మలమూత్రాల అదుపు, తినడం. వీటిలో ఎన్ని తానుగా చేసుకోగలుగుతున్నారో దాన్నిబట్టే ఎంత సాయం కావాలో అంచనా వేస్తారు.

నన్నడిగితే వీటన్నిటికంటే రాత్రే ముఖ్యం. పగలు మనిషిని పెట్టుకోవచ్చు. మా అమ్మ మంచం పక్కన నేనొక నోటుపుస్తకం పెట్టి, లేచిన వేళలు రాసేదాన్ని. ‘1:20, 2:05, 2:50, తలుపు దగ్గర, 4:10’ అని ఉన్న పేజీలు వరుసగా పదిహేను వచ్చాయి. పదహారో రోజున పొయ్యి మీద గిన్నె మాడిపోయింది. మాడబెట్టింది అమ్మ కాదు, నేను. మీ వదినగారు గత నెలలో ఎన్ని రాత్రులు తెల్లవార్లూ నిద్రపోయారో అడగండి. మీరు కూడా వెళ్లి వారం రోజులు ఆ గదిలో పడుకుని, ఆ తరువాత మీ అన్నయ్యతో వాదించండి.

నిర్ణయం మాత్రం ఆసుపత్రి డిశ్చార్జి రోజున తీసుకోవద్దు, ఆ రోజు ఖాళీ ఎక్కడుంటే అక్కడికే పంపిస్తారు. ఇప్పుడే రెండు మూడు చోట్లకు సాయంత్రం ఏడు దాటాక చెప్పకుండా వెళ్లి, పిలుపు గంట మోగితే ఎంతసేపటికి వస్తున్నారో చూడండి.

మరో మాట. మన వాడుకలో నర్సింగ్ హోమంటే చిన్న ఆసుపత్రి కనుక, నయమవగానే పంపించేస్తారని మా అమ్మ చాలాకాలం అనుకుంది. మతిమరుపు పెరిగేకొద్దీ తరువాత నేర్చిన భాష జారిపోయి తెలుగే మిగిలింది. అందుకని ‘నొప్పి’, ‘నీళ్లు’, ‘బాత్రూమ్’, ‘చలి’ అని పన్నెండు మాటలు అట్ట మీద ఇంగ్లీషు అక్షరాల్లో రాసి మంచానికెదురుగా అంటించాను. రాత్రి డ్యూటీ ఆమె ‘నోపీ?’ అని అడిగితే అమ్మ తల ఊపేది. ఆ అట్ట నా దగ్గర ఇంకా ఉంది, కావాలంటే ఫొటో తీసి పంపిస్తాను.