బురదలో వంద కిలోమీటర్ల ఎంటీబీ రేసు: తొక్కినవాళ్లు మీ అనుభవాలు చెప్పండి

పేరేచర్ల రైడర్:
అందరికీ నమస్కారం. మాది గుంటూరు. మూడేళ్లుగా ఎంటీబీ (మౌంటెన్ బైక్, అంటే కొండదారుల సైకిల్) తొక్కుతున్నాను. మామూలు రోజుల్లో కొండవీడు ఘాట్ రోడ్డు, ఆదివారాలు ఫిరంగిపురం చుట్టుపక్కల డొంకలు. ఆగస్టులో కర్ణాటక మలెనాడు కొండల్లో జరిగే 100 కిలోమీటర్ల రేసుకు పేరిచ్చాను. కటాఫ్, అంటే పూర్తి చేయాల్సిన గడువు, 10 గంటలు. పొడి నేల మీద ఆ దూరం నాకు ఆరున్నర గంటల పని. కానీ ఆగస్టులో అక్కడ వాన తెరిపి ఇవ్వదు.

పోయిన శనివారం రాత్రంతా వాన పడి తెల్లారేసరికి వెలిసింది. బురద అలవాటు చేసుకుందామని తుళ్లూరు అవతల ఒక డొంకలోకి దిగాను. రెండు వందల మీటర్లు కూడా పోలేదు. ముందు చక్రాన్ని పట్టే ఫోర్కులోనూ వెనక చక్రం దగ్గరా నల్లమట్టి కూరుకుపోయి చక్రాలు బిగుసుకున్నాయి. బలం పెట్టి తొక్కితే వెనక డీరైలర్‌ను (చైన్‌ను ఒక గేరు నుంచి ఇంకో గేరుకు మార్చేది) ఫ్రేముకు తగిలించే హ్యాంగర్ వంగింది. సైకిల్ భుజాన వేసుకుని తారు రోడ్డు ఎక్కడానికి గంట పట్టింది. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. ఇలాంటి నేల మీద వంద కిలోమీటర్లు ఎలా పోతారు? పోయినవాళ్లు ఉంటే చెప్పండి.

కరకట్ట సైకిల్:
తమ్ముడూ, నువ్వు దిగింది నల్లరేగడి. మలెనాడులో ఉండేది ఎర్రమట్టి. రెండూ బురదే కానీ రెండింటి తీరు వేరు. రేగడి నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. టైరును పట్టుకుని వదలనిది ఆ జిగటే. ఎర్రమట్టి అంతగా పట్టుకోదు, జార్చేస్తుంది. కాబట్టి తుళ్లూరులో జరిగిందే అక్కడా జరుగుతుందని భయపడొద్దు. అక్కడ నీకు వచ్చే కష్టం వేరు.

అయినా రేగడి నేర్పేది ఒకటుంది. మా నాన్న చాలా ఏళ్లు రేగడి పొలాల్లో ఎడ్లబండి తోలారు. వాన పడుతుండగా, నీళ్లు నిలిచి ఉండగా బండి ఎలాగోలా కదులుతుంది, చక్రానికి అంటిన మట్టిని ఆ నీళ్లే కడిగేస్తాయి అనేవారు. వాన వెలిసి పైనీళ్లు ఇంకిపోయాక, మట్టి ముద్దకట్టే వేళ మాత్రం బండి కట్టేవారు కాదు. నువ్వు దిగింది సరిగ్గా ఆ వేళే. నేను సైకిల్ మీద దీన్ని చాలాసార్లు చూశాను. బురద పులుసులా ఉంటే తొక్కుకుంటూ పోవచ్చు. ముద్దలా ఉంటే ముందే దిగిపోవాలి. చక్రం బిగిసేదాకా తొక్కితే ఆ మట్టిని పీకడానికే పావుగంట పోతుంది. పది అడుగుల ముందు దిగి గట్టు మీది గడ్డిలో నడిపిస్తే ఆ పావుగంట మిగులుతుంది.

నిరుడు పత్తి తీసే రోజుల్లో వాన పడినప్పుడు, ఇలాగే ఇరుక్కున్న నా సైకిల్‌ని ఊళ్లో పత్తి తూచే కాటా మీద పెట్టాం. 13 కిలోల సైకిల్ 21 చూపించింది. ఆ ఎనిమిది కిలోలూ మట్టే.

పెద్ద పెద్ద రైడర్లకూ ఇది తప్పలేదు. అమెరికాలో కాన్సస్ రాష్ట్రం ఎంపోరియాలో అన్‌బౌండ్ గ్రావెల్ అని 200 మైళ్ల రేసు జరుగుతుంది. అది గ్రావెల్ రేసు, అంటే కంకర దారుల రేసు, ఎంటీబీ కాదు, కానీ మట్టి మన రేగడికి చుట్టమే. 2023లో ఇంకా పదకొండో మైలు దగ్గరే ప్రొఫెషనల్స్ కూడా దిగి సైకిళ్లు మోసుకుంటూ నడిచారు. అక్కడ చాలామంది జేబులో పెయింట్ కలిపే చెక్కబద్ద పెట్టుకుంటారు, మట్టి గీకడానికి. నేనూ ఒకటి పెట్టుకుంటున్నాను. ఇనుప రేకు వద్దు, ఫ్రేమ్ గీసుకుపోతుంది.

గవర్నర్‌పేట వర్క్‌షాప్:
రైడర్ గారూ, హ్యాంగర్ వంగింది అన్నారు కదా, అది దాని పని అది చేసింది. ఫ్రేమ్, డీరైలర్ విరగకుండా మధ్యలో అది వంగాలనే మెత్తటి అల్యూమినియంతో చేస్తారు. మీ మోడల్ హ్యాంగర్లు రెండు తెప్పించుకోండి. ఒక్కో ఫ్రేముకు ఒక్కో రకం ఉంటుంది, దారిలో ఎవర్ని అడిగినా మీ రకం దొరకదు. వంగినదాన్ని సరిచేసి రేసుకు తీసుకెళ్లొద్దు, ఒకసారి వంగింది రెండోసారి తేలిగ్గా విరుగుతుంది.

బురదలో చైన్ పట్టేసినట్టు అనిపించిన క్షణమే కాలు ఆపేయాలి. చాలామంది ఇంకో తొక్కు తొక్కితే వదులుతుందనుకుంటారు. డీరైలర్ వెళ్లి చక్రం పుల్లల్లో పడేది ఆ ఇంకో తొక్కుకే. గేరు మార్చేటప్పుడు కాలి మీద బలం తగ్గించి మార్చండి. ఎత్తు ఎదురయ్యాక కాకుండా దానికి ముందే మార్చండి.

చైన్‌కు తడికి ఆగే చిక్కటి లూబ్ వాడండి. కుట్టుమిషన్ ఆయిల్ పోసుకొచ్చేవాళ్లు నా దగ్గరికి వస్తుంటారు. అది మొదటి వాగు దగ్గరే కడుక్కుపోతుంది. చిన్న సీసా జేబులో పెట్టుకుని, చెక్‌పాయింట్‌లో చైన్ మీద నీళ్లు పోసి, గుడ్డతో తుడిచి, మళ్లీ వేసుకోండి. రెండు నిమిషాల పని.

బ్రేకుల సంగతి అందరూ మర్చిపోతారు. డిస్క్ బ్రేకులకు వచ్చే మెత్తటి రెజిన్ ప్యాడ్లు ఇసుక కలిసిన బురదలో గరుకు కాగితం మీద రుద్దినట్టు అరిగిపోతాయి. కొత్త ప్యాడ్లు ఒక్క రేసులో ఇనుము కనిపించేదాకా అరగడం నేను చూశాను. సింటర్డ్ మెటల్ (లోహపు పొడి నొక్కి చేసిన) ప్యాడ్లు వేసుకోండి, ఇంకో జత వెంట ఉంచుకోండి. కానీ ముందు మీ రోటర్ (ప్యాడ్లు నొక్కి ఆపే డిస్కు) మీద ఏం రాసుందో చదవండి. కొన్ని చవక రోటర్ల మీద రెజిన్ ప్యాడ్లు మాత్రమే వాడాలని ఉంటుంది. అలాంటివైతే రోటర్ కూడా మార్చాలి.

భవానీపురం సుజాత:
టైర్ల మాట ఎవరూ చెప్పలేదు. వెడల్పు టైరు బురదలో మంచిదనుకుని నేను 2.4 అంగుళాలది వేసుకెళ్లి ఇబ్బంది పడ్డాను. ఫ్రేముకీ టైరుకీ మధ్య ఖాళీ ఎంతుంటే అంత మంచిది. 2.1 లాంటి సన్నటి టైరు, ఎత్తుగా, ఎడం ఎడంగా ఉన్న గుబ్బలు. గుబ్బలు దగ్గర దగ్గరగా ఉంటే వాటి మధ్య మట్టి నిండిపోయి టైరు నున్నగా అయిపోతుంది. ట్యూబ్‌లెస్ అయితే గాలి తగ్గించుకోవచ్చు. నేను 58 కిలోలు, ముందు 17, వెనక 19 పీఎస్‌ఐ పెడతాను. మీ బరువుకు ఇంకొంచెం ఎక్కువ కావాలి.

బయల్దేరే ముందు ఫ్రేము అడుగున, ఫోర్కు లోపలివైపు వంటనూనె పలచగా రాస్తే మట్టి కొంతసేపు అంటదు. రోటర్ మీద, ప్యాడ్ల మీద మాత్రం ఒక్క చుక్క పడకూడదు.

ఇంకొకటి, మోయడం ప్రాక్టీస్ చేయండి. అందరూ తొక్కడమే ప్రాక్టీస్ చేస్తారు. పై గొట్టం కింద భుజం పెట్టి, చెయ్యి కింది నుంచి పోనిచ్చి హ్యాండిల్ పట్టుకుంటే సైకిల్ ఊగదు. మొదటి రేసులో నాకు ఇది తెలియక సైకిల్‌ని రెండు చేతులతో పొట్ట దగ్గర పట్టుకుని నాలుగు కిలోమీటర్లు నడిచాను. మర్నాడు నడుము వంగలేదు. మా ఇంటి దగ్గర కొండ మెట్ల మీద వారానికి రెండుసార్లు సైకిల్ మోసుకుని ఎక్కుతున్నాను ఇప్పుడు.

తిండి పది గంటలకు సరిపడా పెట్టుకోండి, ఆరున్నరకు కాదు. బురదలో వేగం తగ్గుతుంది కానీ ఆకలి తగ్గదు. చేతులు మట్టిగా ఉంటాయి కాబట్టి ముట్టుకోకుండా తినగలిగేవి కావాలి. అరటిపండును మించింది లేదు, తొక్క పట్టుకుని తినొచ్చు. పల్లీ ఉండల్ని ఒక్కోటీ విడిగా ప్లాస్టిక్ కవరులో చుట్టుకుంటే పంటితో చించి నోట్లో వేసుకోవచ్చు.

బృందావన్ గార్డెన్స్ డాక్టర్:
సుజాత గారు చివర చెప్పిన మాట చాలా ముఖ్యం. దానికి వైద్యం వైపు నుంచి కారణం చెబుతాను, దయచేసి ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు.

2007లో కెనడాలోని స్క్వామిష్‌లో వానలో ఒక మౌంటెన్ బైక్ రేసు జరిగింది. తర్వాత 537 మంది రైడర్లను అడిగితే 225 మంది విరేచనాలతో బాధపడ్డామని చెప్పారు. కారణం కాంపిలోబాక్టర్ అనే బాక్టీరియా. 2008లో వేల్స్‌లోని బిల్త్ వెల్స్‌లోనూ అలాగే జరిగింది. అక్కడ గొర్రెలు తిరిగే దారులు, వాటి పేడ కలిసిన బురద ముందు చక్రం నుంచి ఎగిరి నోట్లో పడింది. ఆ బురద మింగడమే పెద్ద కారణమని తేల్చారు. మన డొంకల్లో గేదెలు, గొర్రెలు తిరగని చోటు ఏది?

అందుకని ముందు చక్రానికి చిన్న ప్లాస్టిక్ మడ్‌గార్డ్ తప్పనిసరి. వాటర్ బాటిల్ మూతి మీద ఇంకో మూత ఉండేది కొనండి. లేదా వీపున నీళ్ల సంచి వేసుకుని దాని గొట్టానికి మూత పెట్టుకోండి. తాగేముందు మొదటి గుక్క బాటిల్ మూతి మీదే పిండి కడిగి పారేయండి.

రెండోది ఎలుక జ్వరం, అంటే లెప్టోస్పైరోసిస్. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లు, బురద నుంచి చర్మం మీది గాయాల ద్వారా, కళ్ల ద్వారా వస్తుంది. ఎక్కువగా ఒకటి రెండు వారాల్లో బయటపడుతుంది. కొన్నిసార్లు నెల దాకా పట్టవచ్చు. జ్వరం, పిక్కల నొప్పి, కళ్లు ఎర్రబడటం ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్లి, బురదలో తొక్కానని మీరే ముందు చెప్పండి. చెప్పకపోతే మామూలు వైరల్ జ్వరం అనుకునే ప్రమాదం ఉంది. టీటీ ఎప్పుడు వేయించుకున్నారో కూడా చూసుకోండి. ఒళ్లు నొప్పులని రేసు మధ్యలో ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు వేసుకోవద్దు. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు అవి కిడ్నీలను దెబ్బతీసే ప్రమాదం ఉంది.

మూలపాడు దారి:
ప్రాక్టీస్‌కు కొండపల్లి అడవి వైపు ఎర్రమట్టి, రాళ్ల దారులు మలెనాడుకు దగ్గరగా ఉంటాయి. అది రిజర్వ్ ఫారెస్ట్, అటవీ శాఖ అనుమతి అడిగి వెళ్లండి. వానాకాలం ఒంటరిగా వద్దు.

పేరేచర్ల రైడర్:
ఇంత వివరంగా చెబుతారని అనుకోలేదు. అందరికీ చాలా థాంక్స్. రెండు హ్యాంగర్లు ఆర్డర్ పెట్టాను. రోటర్ చూశాను, రెజిన్ మాత్రమే అని రాసి ఉంది! మార్పిస్తున్నాను. ఈ వారం నుంచి కొండవీడు కోట మెట్ల మీద సైకిల్ మోయడం మొదలుపెడతాను.

కరకట్ట సైకిల్:
ఇంకొకటి. రేసు అయ్యాక బైకులు కడిగే వాటర్ సర్వీసింగ్‌కు తీసుకెళ్లొద్దు. నేను ఒకచోట కడిగించాను. ఆ ప్రెషర్‌కు నీళ్లు సీళ్లు దాటి చక్రం మధ్యలోని హబ్‌లోకి, పెడళ్ల ఇరుసు ఉండే బాటమ్ బ్రాకెట్‌లోకి పోయాయి. నెల తిరక్కుండా బేరింగులు గరగరమన్నాయి. ఇంట్లో బకెట్టు, పాత టూత్‌బ్రష్, మామూలు పైపు చాలు.

పేరేచర్ల రైడర్:
నిన్న రాత్రి గుంటూరు చేరాను. 9 గంటల 22 నిమిషాల్లో పూర్తి చేశాను! ఎలా జరిగిందో రాస్తాను, మళ్లీ వెళ్లేవాళ్లకు పనికొస్తుంది.

మొదటి 30 కిలోమీటర్లు కాఫీ తోటల మధ్య జీపు దారి. చక్రాల గాడుల్లో మోకాలి దాకా ఎర్ర నీళ్లు. అందరూ అంచున పోవాలని చూసి జారి పడుతున్నారు. పులుసులా ఉంటే తొక్కమన్నారు కదా అన్నా, నేను గాడి మధ్యలోనే పోయాను. అడుగున గట్టి రాతి నేల తగిలింది. టైరుకు పట్టు దొరికింది. అక్కడ చాలామందిని దాటాను.

41వ కిలోమీటరు దగ్గర చెట్ల వేళ్లు అడ్డంగా ఉన్న దిగుడు. తడిసిన వేరు మీద బ్రేకు వేశాను, పడ్డాను. మోచేయి గీసుకుంది. తర్వాత నుంచి వేరు కంటే ముందే వేగం తగ్గించి, వేరు మీద బ్రేకు వదిలేసి దాటాను. ఇది ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతున్నాను.

62 దగ్గర కొత్తగా మట్టి పోసిన రోడ్డు. అక్కడ మాత్రం ముద్ద బురద, అచ్చం మన రేగడిలాగే. నా ముందు ఇద్దరు బలం పెట్టి తొక్కారు, ఇద్దరి డీరైలర్లూ విరిగాయి. చూస్తుంటే కడుపులో దేవినట్టయింది. నేను చక్రం ఇంకా తిరుగుతుండగానే దిగి, భుజాన వేసుకుని కిలోమీటరున్నర నడిచాను. కొండవీడు మెట్లు గుర్తొచ్చాయి. అవతల చెక్కబద్దతో రెండు నిమిషాల్లో గీకి ఎక్కాను. ఆ ఇద్దరిలో ఒకతనిది నా కంపెనీ సైకిలే, అదే మోడల్. నా దగ్గరున్న రెండు హ్యాంగర్లలో ఒకటి అతనికిచ్చాను. అతని డీరైలర్ బాడీ కూడా పగలడంతో అప్పటికి చైన్ తెంపి ఒకే గేరు మీద కలుపుకున్నాడు. అయినా కటాఫ్‌లోపే వచ్చాడు.

ప్యాడ్లు వర్క్‌షాప్ అన్న చెప్పినవే వేశాను. ఇంకా సగం ఉన్నాయి. చివరి దిగుడులో చాలామంది బ్రేకులు లేక కాళ్లు ఈడుస్తూ దిగారు.

గవర్నర్‌పేట వర్క్‌షాప్:
చాలా సంతోషం తమ్ముడూ. ప్యాడ్లు తీసి కాలిపర్ (ప్యాడ్లను పట్టి ఉంచే బ్రేకు భాగం) లోపల పిస్టన్ల చుట్టూ మట్టి తుడిచాకే మళ్లీ వేసుకో. సైకిల్ తడిగా మూల పెట్టొద్దు.

బృందావన్ గార్డెన్స్ డాక్టర్:
అభినందనలు. మోచేయి గాయం ఎలా ఉంది? జ్వరం గానీ విరేచనాలు గానీ ఉన్నాయా?

పేరేచర్ల రైడర్:
రేసు అయి ఇవాళ్టికి పన్నెండో రోజు మేడమ్. జ్వరం లేదు, కడుపు బాగానే ఉంది, గాయం ఎండింది. జ్వరం వస్తే వెంటనే చూపించుకుంటాను. సుజాత గారూ, పల్లీ ఉండలు పదహారు తీసుకెళితే ఒక్కటీ మిగల్లేదు. మూలపాడు అన్నా, అనుమతి సంగతి కనుక్కుంటే ఒక ఆదివారం అందరం కొండపల్లి వైపు పోదాం. చెక్కబద్దలు నేను తెస్తాను, మా వీధిలో పెయింట్ షాపతను అడగ్గానే అరడజను ఇచ్చాడు.