వెరావల్‌లో ఉన్న మావాళ్లు ఓటు ఎలా వేయాలి?

ప్రశ్న (ఎచ్చెర్ల మండలం అమ్మాయి):
మాది సముద్రం ఒడ్డు ఊరు. నాన్న, ఇద్దరు బాబాయిలు గుజరాత్‌లోని వెరావల్‌లో బోట్ల మీద పని చేస్తారు. ఆగస్టులో వెళ్తే మళ్లీ మే నెలాఖరుకే రాక. అక్కడ వేట నిషేధం జూన్ 1న గానీ మొదలవదు. మన పోలింగేమో 2019లో ఏప్రిల్ 11న, 2024లో మే 13న పెట్టారు. రెండుసార్లూ వాళ్లు నీటి మీదే ఉన్నారు, ఓటరు కార్డులు మా బీరువాలో ఉన్నాయి. ఇక్కడ జెట్టీ కట్టాలని, ఊళ్లోనే పని దొరకాలని అందరికంటే గట్టిగా కోరుకునేది వాళ్లే కదా! ఆ మాట ఓటుతో చెప్పే దారి వాళ్లకే లేకపోవడం నాకు చాలా బాధగా ఉంది. ఉన్నచోటి నుంచే ఓటేసే మిషన్ వస్తుందన్నారు, ఏమైంది? ఓటు గుజరాత్‌కు మార్పించుకోమని కొందరంటున్నారు. మార్పించుకోవచ్చా?

విజయనగరం నుంచి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి:
దాన్ని ఆర్‌వీఎం, అంటే రిమోట్ ఓటింగ్ మెషీన్ అంటారు చెల్లెమ్మా. ఎన్నికల సంఘం 2022 డిసెంబరు 29న ప్రకటించింది. ఒకే బూత్‌లో 72 నియోజకవర్గాల ఓట్లు వేయించవచ్చన్నారు. మామూలు ఈవీఎం మీద పేర్ల కాగితం అతికిస్తారు. ఇందులో ఓటరు ఏ నియోజకవర్గమైతే ఆ పేర్లు తెర మీద వస్తాయి. 2023 జనవరి 16న పార్టీలను పిలిస్తే చాలామంది అభ్యంతరం చెప్పారు, పని అక్కడే ఆగింది. వాళ్ల అనుమానం తీసిపారేసేది కాదు. వెరావల్ బూత్‌లో మన ఎచ్చెర్ల అభ్యర్థుల తరఫున ఏజెంట్లుగా ఎవరు కూర్చుంటారు?

రణస్థలం వైపు నుంచి, పాత కళాసీ:
ఓటు మార్పించొద్దు తల్లీ. రెండుచోట్ల ఉంచుకోకూడదు, అక్కడ రాయించుకుంటే ఇక్కడ పేరు పోతుంది. అయినా బోటులో పడుకునేవాడికి అక్కడ ఏ అడ్రసు ప్రూఫ్ ఇస్తారు? ఇంకో మాట. ఒకసారి వేటకు పోతే వారాల తరబడి ఒడ్డుకు రాము. రేవులో ఒక్క రోజు బూత్ పెడితే ఎంత మంచి మిషనైనా మాకు అందదు.

చీపురుపల్లి మాస్టారు:
ఆయన చెప్పినదే అసలు చిక్కు. కొత్త మిషన్ కోసం ఎదురుచూడటం కంటే, ఉన్న పద్ధతిని వీళ్లకూ ఇమ్మని అడగాలని నా గట్టి నమ్మకం. ఎన్నికల డ్యూటీలో ఉండే మేము పోస్టల్ బ్యాలెట్ కోసం ఫారం 12 ఇచ్చి, పోలింగుకు ముందే ఫెసిలిటేషన్ సెంటర్‌లో కాగితం బ్యాలెట్ మీద ఓటేస్తాం. 2024లో 85 ఏళ్లు దాటినవారి ఇంటికే వెళ్లి ఓటు తీసుకున్నారు. కశ్మీరీ పండితులకు జమ్ము, ఉధంపూర్, ఢిల్లీలలో ప్రత్యేక బూత్‌లు పెడుతున్నారు. అంటే ఊరికి దూరంగా ఓటు వేయించడం మన దేశంలో ఎప్పటి నుంచో ఉంది.

1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలోని సెక్షన్ 60 చూడమ్మా. ఎన్నికల సంఘం ప్రభుత్వాన్ని సంప్రదించి ఏదైనా ఒక వర్గాన్ని నోటిఫై చేస్తే, ఆ వర్గానికి పోస్టల్ బ్యాలెట్ ఇవ్వవచ్చు. వలస మత్స్యకారులను అందులో చేర్చమని అడగండి. 2024లో నామినేషన్ల ఉపసంహరణ ఏప్రిల్ 29తో ముగిసింది, పోలింగ్ మే 13న. బ్యాలెట్ అచ్చవగానే వెరావల్ రేవులో సెంటర్ తెరిచి, వరుసగా కొన్ని రోజులు ఉంచితే ఒడ్డుకొచ్చిన బోటు వాళ్లు వచ్చినట్టే ఓటేసి వెళ్తారు. కొందరికి అప్పటికీ కుదరదు, నిజమే. ఇప్పుడు ఎవరికీ కుదరడం లేదు కదా. ఏజెంట్లను పెట్టుకోవడం పార్టీలకు కష్టమంటారా? ప్రచారానికి దేశమంతా తిరిగేవాళ్లు ఒక రేవుకు మనిషిని పంపలేరా?

ప్రశ్న అడిగిన అమ్మాయి:
మాస్టారూ, సెక్షన్ నంబరు రాసుకున్నాను. జూన్‌లో మావాళ్లు ఊళ్లోనే ఉంటారు. ఒడ్డు ఊళ్లన్నీ తిరిగి సంతకాలు తీసుకుని, కలెక్టర్ గారికి ఒకటి, అమరావతిలో ప్రధాన ఎన్నికల అధికారికి ఒకటి ఇస్తాం. అర్జీ రాశాక ఇక్కడ పెడతాను, మీరొకసారి దిద్దిపెట్టండి. విజయనగరం అన్నయ్యా, మీ ఊళ్ల నుంచి వెళ్లినవాళ్ల పేర్లు, నియోజకవర్గాలు మీరు రాయించగలరా?